వైరు కలిపినవాడు లోపలే

మా అక్క మొగుడు కలిపిన వైర్లకు నేను సంతకం పెట్టాల్సిన రోజు వస్తుందని ముందే తెలిస్తే, ఈ ఫైర్ అలారం పని మానేసి ఎక్కడో ఒక కుట్టుమిషను పెట్టుకుని బతికేదాన్ని. సైటులో ఆయన్ని అందరూ 'అయిపోయింది మేస్త్రీ' అంటారు. ఏ పని గురించి అడిగినా అయిపోయింది అంటాడు. మొదలే పెట్టని పని కూడా ఆయన నోట్లో అయిపోయే ఉంటుంది. పదిహేనేళ్ళుగా నేను ఆయనకి మరదల్ని, పదిహేనేళ్ళుగా మా ఇద్దరికీ క్షణం పడదు.

ఆ గురువారం పొద్దున పదకొండు గంటలకి నేను నాలుగో అంతస్తు వరండాలో షాఫ్టు తలుపు తెరిచి నిలబడ్డాను. షాఫ్టు అంటే వైర్లూ పైపులూ ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి వెళ్ళే గోడ బీరువా. ఎదురుగా మందుల ప్యాకింగ్ హాలు. లోపల అరవై రెండు మంది ఆడవాళ్ళు మాత్రల అట్టలను పెట్టెల్లో సర్దుతుంటారు. వాళ్ళలో మా అక్క ఒకతె. సరుకు ఎవరో ఎత్తుకుపోతారన్న భయంతో హాలు నాలుగు తలుపులకీ అయస్కాంతపు తాళాలు బిగించారు. కరెంటు ఉన్నంతసేపూ తలుపు చట్రానికి అతుక్కుని ఉంటుంది. కార్డు చూపిస్తేనే వదులుతుంది, ఆ కార్డేమో సూపర్‌వైజరమ్మ మెడలో ఉంటుంది.

నిప్పంటుకుంటే ఆ తాళాలకు కరెంటు తెగాలి. తెంపేది అరచేతిలో పట్టేంత తెల్ల డబ్బా, దాన్నే రిలే మాడ్యూలు అంటాం. పొగ పసిగట్టగానే కింద సెక్యూరిటీ గదిలోని అలారం ప్యానెల్ దానికి చెబుతుంది. డబ్బాలో ఉన్న చిన్న రేకు ఎడంగా జరుగుతుంది, కరెంటు పోతుంది, తలుపు వదిలేస్తుంది. లోపలివాళ్ళు నొక్కి తెరుచుకోవడానికి అత్యవసర బటన్లు పెట్టమని నేను మూడు నెలల కిందటే రాసిచ్చాను. మేనేజరు ఆ కాగితం మీద టీ కప్పు పెట్టుకోవడం నా కళ్ళతో చూశాను. కాబట్టి లోపలున్న అరవై రెండు మందికీ ఆ డబ్బాయే దిక్కు.

డ్రాయింగులో తలుపుకి ఒకటి చొప్పున నాలుగు డబ్బాలు ఉన్నాయి. షాఫ్టులో చూస్తే ఒక్కటే ఉంది. మిగతా మూడూ సీలు విప్పని అట్టపెట్టెల్లో పై అరలో కూర్చున్నాయి. బావ ఆ ఒక్కదాని ముందు నిలబడి, కరెంటు కట్టెయ్యకుండానే స్క్రూ బిగిస్తున్నాడు.

"బావా, కరెంటు తియ్యకుండా అందులో చెయ్యి పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఇరవై నాలుగు వోల్టులే మరదలా. చీమ కుట్టినంత కూడా ఉండదు."

"కుట్టేది నిన్ను కాదు, ప్యానెల్‌ని. ఒక్క వైరు పక్కకి తగిలితే బిల్డింగు మొత్తం అలారం చచ్చి ఊరుకుంటుంది."

నేను చేసే పద్ధతి వేరు. ముందు ప్యానెల్‌లో ఆ లైను ఆపాలి, తర్వాత మెయిన్ తియ్యాలి, తర్వాత బ్యాటరీ వైరు విప్పాలి, స్విచ్చికి ఎర్ర చీటీ కట్టాలి, చివరికి మీటరు పెట్టి సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. ఇదంతా పావుగంట పని. ఆ పావుగంటకే నేను సైటులో నస మనిషినయ్యాను, ఆయన చురుకైన మేస్త్రీ అయ్యాడు.

"మిగతా మూడూ పెట్టెల్లో ఎందుకున్నాయి?" అని అడిగాను.

"ఒక్కటి సరిపోయింది. నాలుగు తలుపులూ దీనికే కలిపేశాను. పని అయిపోయింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "తలుపుకి రెండు తాళాలు, తాళానికి అర ఆంపియరు. ఎనిమిదీ కలిస్తే నాలుగు. ఈ డబ్బా మోసేది రెండే. దాని మీదే రాసుంది, కళ్ళజోడు పెట్టుకుని చదువు. పైగా తాళం ఆగిన ప్రతిసారీ దాని తీగచుట్ట కరెంటుని వెనక్కి తంతుంది, రేకు దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. అందుకే ఒక్కో తాళానికి ఒక డయోడు పెట్టమన్నారు. అదీ పెట్టలేదు. ఇలాగే ఉంటే ఏదో ఒకరోజు రేకు కాలి అతుక్కుపోతుంది. అప్పుడు ప్యానెల్ ఎంత మొత్తుకున్నా తలుపు రాదు."

"పుస్తకంలో చదివి చెబుతున్నావు. నేను ఇరవై ఏళ్ళుగా చేత్తో చేస్తున్నాను."

"పైకప్పులో వైరు లాగడానికి రెండు రోజులు పడుతుందని బద్ధకం. అంతేగా?"

ఆయన మొహం మాడిపోయింది. సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చాడు. బావ గొంతు తేనెలా మార్చి, "మా మరదలికి నా మీద పాత కోపాలు సార్. ఇంటి సంగతులు. మీరు మనసులో పెట్టుకోకండి" అన్నాడు.

మేనేజరు నావైపు తిరిగాడు. "మేడమ్, మూడింటికి తనిఖీ అధికారి వస్తున్నారు. మీ సంతకం ఉంటే ఈ అంతస్తు నడుస్తుంది, లేకపోతే మూతపడుతుంది. ఇంట్లో గొడవలు ఇంట్లో చూసుకోండి."

ఇంకేముంది, నేను ఏం చెప్పినా ఇక మరదలి అలకే. ఆంపియర్లు కూడా నా కుళ్ళుబోతుతనంలో భాగమైపోయాయి. పళ్ళు నూరుకుంటూ, "పరీక్ష చేస్తాను. తలుపులు తెరుచుకుంటే అప్పుడు మాట్లాడదాం" అన్నాను.

పరీక్ష సంగతి లోపల చెప్పడానికి హాల్లోకి వెళ్ళాను. అక్క తలకి టోపీ, చేతులకి తొడుగులతో బల్ల దగ్గరుంది. నన్ను చూడగానే పక్కకి లాగింది.

"ఇక్కడ కూడా మొదలెట్టావా? వరండాలో మీ అరుపులు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. అందరూ నన్నే చూస్తున్నారు."

"అక్కా, ఆ పని బాగాలేదు."

"ఆయన చేసిన పని నీకెప్పుడు బాగుంది? మా పెళ్ళిలో పందిరి కూడా వంకరగా ఉందన్నావు." గొంతు తగ్గించింది. "సంతకం పెట్టెయ్యవే. ఆయన పరువు పోతే నాది పోయినట్టు కాదా? నా కోసం పెట్టు."

నా కోసం అన్న మాటకి నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఆమె నిలబడ్డ చోటి నుంచి దగ్గరి తలుపుకి ఇరవై అడుగులుంటుంది. ఆమె కోసమే పెట్టడం లేదని చెబితే నమ్మదు. బయటికి వచ్చేశాను.

కింద ప్యానెల్ దగ్గర గార్డుని కూర్చోబెట్టి హారన్లు ఆపించాను. వరండాలో పొగ కనిపెట్టే పరికరానికి పరీక్ష కోసం వాడే పొగ స్ప్రే కొట్టాను. వాకీటాకీలో గార్డు "అలారం వచ్చింది మేడమ్, నాలుగో అంతస్తు" అన్నాడు. తలుపులు వదల్లేదు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. షాఫ్టులోంచి టక్కుమని ఏదో చప్పుడైంది, నాలుగు తలుపులూ ఒకేసారి వదిలాయి.

"చూశారా సార్!" అన్నాడు బావ, షాఫ్టులోంచి తల బయటపెట్టి.

మేనేజరు చప్పట్లు కొట్టడం ఒక్కటే తక్కువ. కాగితం, పెన్ను నా ముందుకి చాపాడు. నేను బావ వైపు చూశాను. పరీక్ష చూడాల్సిన మనిషి తలుపుల దగ్గరుంటాడు. ఈయన షాఫ్టులో ఏం చేస్తున్నాడు? చేతిలో స్క్రూడ్రైవరు ఎందుకు?

"ఇంకోసారి చేద్దాం. ఈసారి బావ లోపల నిలబడతాడు."

మా పనిలో అదొక ఆనవాయితీ. నాకు పని నేర్పిన పెద్దాయన దగ్గర్నుంచి అందరం పాటిస్తాం. తలుపుకి ఎవరు వైరు కలిపారో వాళ్ళే పరీక్షప్పుడు లోపల నిలబడాలి, జేబులో కార్డు ఉండకూడదు. పెద్దాయన ఇదే మాటని ఇంకా మొరటుగా చెప్పేవాడు. బావకీ తెలుసు, ఆయనా ఆ పెద్దాయన చేతికిందే పని నేర్చుకున్నాడు.

"నాకు కింద పనుంది" అన్నాడు.

"రెండు నిమిషాలు."

"ఒకసారి తెరుచుకుంది కదా! ఎన్నిసార్లు తెరుస్తావు? నా మీద కక్ష తీర్చుకోవడం కాకపోతే ఏమిటిది?"

"అనుకో. కక్షే. లోపలికి వెళ్ళు."

ఆయన గుడ్లురిమి చూశాడు. నేనూ చూశాను. హాల్లో ఆడవాళ్ళు పని ఆపి తెరిచిన తలుపుల్లోంచి తమాషా చూస్తున్నారు. అక్క ముందుకొచ్చి, నామీద కసితోనే కావచ్చు, గట్టిగా అంది. "రండి. లోపలికి వచ్చి నిలబడండి. దాని నోరు మూయిస్తే పీడా పోతుంది."

పెళ్ళాం పిలిచాక ఇక తప్పించుకునే దారి లేదు. బావ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, షాఫ్టు వైపు రెండుసార్లు తిరిగి చూస్తూ లోపలికి నడిచాడు. సూపర్‌వైజరమ్మ కార్డు నేను తీసుకున్నాను. తాళాల కరెంటు స్విచ్చి నా చేతికి అందే దూరంలో ఉంది. ఏమైనా తేడా వస్తే కట్టెయ్యడం క్షణం పని. ఎవరూ భయపడొద్దని, ఇది పరీక్షేనని మరోసారి చెప్పి, గార్డు చేత ప్యానెల్ రీసెట్ చేయించాను. తలుపులు మూసుకుని అతుక్కున్నాయి.

స్ప్రే కొట్టాను.

"వచ్చింది మేడమ్" అన్నాడు గార్డు. డబ్బా మీద ఎర్ర దీపం వెలిగింది. అంటే దానికి ఆజ్ఞ అందింది. తలుపులు కదల్లేదు.

పది లెక్కపెట్టాను. తలుపు అద్దంలోంచి బావ కనిపిస్తున్నాడు. ముందు చేత్తో తోశాడు, తర్వాత భుజంతో తోశాడు. ఆయన వెనక అక్క నవ్వుతూనే ఉంది, ఇంకా. ఇరవై. ఎవరో ఒకామె పక్క తలుపు లాగి చూసింది. ముప్పై. మేనేజరు, "ఏమైంది? ఏమైంది?" అంటూ నా చుట్టూ తిరుగుతున్నాడు. బావని ఇంకో నిమిషం అందులో ఉంచాలనిపించింది. నిజం చెప్పాలంటే చాలా సంతోషంగా ఉంది నాకు.

అప్పుడు బావ తలుపు సందుకి నోరు ఆనించి అరిచాడు.

"డబ్బాని కొట్టు! ఎడం పక్కన, కింద మూల! స్క్రూడ్రైవరు పిడితో ఒక్కటి కొడితే వదిలేస్తుంది!"

అద్దంలో అక్క నవ్వు ఆగిపోయింది. ఆమె తల మెల్లగా మొగుడి వైపు తిరిగింది. నా సంతోషం అక్కడితో సరి.

నేను డబ్బాని కొట్టలేదు. స్విచ్చి కట్టేశాను. తలుపులు వదిలాయి, లోపలి వాళ్ళు ఒకర్నొకరు తోసుకుంటూ వరండాలోకి వచ్చేశారు.

మేనేజరు అందరికంటే ముందు తేరుకున్నాడు. "సరే, అయిందేదో అయింది. ఇప్పుడు తెరుచుకున్నాయి కదా. అందరూ లోపలికి పదండి, పని చూసుకోండి. మేడమ్, మీరు ఆ మూడూ తర్వాత పెట్టండి. ముందు సంతకం..."

"పెట్టను" అన్నాను. "తాళాలకి కరెంటు ఇవ్వను. నాలుగు డబ్బాలూ, ఎనిమిది డయోడ్లూ పెట్టేదాకా ఈ తలుపులు తెరిచే ఉంటాయి. సరుకు పోతుందనుకుంటే మీరే వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడండి."

ఆయన నోరు తెరిచాడు గానీ వినేవాళ్ళు లేరు. అక్క తొడుగులు తీసి మడిచి, మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకామె కూర్చుంది. చూస్తుండగానే నాలుగో అంతస్తు నుంచి మూడో అంతస్తుదాకా మెట్లు నిండిపోయాయి.

బావ నన్ను తప్పించుకుని అక్క దగ్గరికి వెళ్ళాడు. వంగి, "లే. అందరూ చూస్తున్నారు" అన్నాడు.

"చూడనివ్వండి. ఎడం పక్కన కింద మూల అని మీకెలా తెలుసు?"

"ఒకసారి అతుక్కుంది. ఊరికే. కొడితే వచ్చేసింది. చెబితే ఇదిగో, ఇది ఒంటికాలి మీద లేస్తుందని..." అంటూ నావైపు చెయ్యి చూపించాడు.

"దాని సంగతి కాదు. ఎప్పుడు అతుక్కుంది?"

"సోమవారం."

నేను ఎర్ర చీటీ స్విచ్చికి కడుతున్నాను. అక్క అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఆమె ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే, అందరికీ వినపడేలా అడిగింది.

"మంగళవారం, బుధవారం, ఇవాళ. మూడు రోజులూ బండి మీద తీసుకొచ్చి గేటు దగ్గర దింపారు. దింపిన ప్రతిసారీ జాగ్రత్త అన్నారు. లోపలికి వచ్చి నేను ఏం జాగ్రత్తపడాలనుకున్నారు?"