డ్రైవరు తలలోని ఏరు

తలలతోనే పని కాబట్టి అందరూ తలకాయలక్క అని పిలిచే ఆమె రోజూ తొమ్మిదింటికల్లా కుర్చీ తుడిచి మిషన్ ఆన్ చేసేది. ఏదో ఘోరం చూసి, ఆ భయం వదలక బతుకు పాడైనవాళ్ళకి మెదడు వైద్యం కనిపెట్టే గది అది. తలమీద అయస్కాంతపు తీగచుట్ట ఆనించి టక్కు టక్కుమనిపించడం ఆమె పని. ఎంత గట్టిగా కొడితే బొటనవేలు ఎగిరిపడుతుందో చూసి, దాన్నిబట్టి మోతాదు ఖాయం చేసేది. పేషెంటు కథ అడగకూడదన్నది అక్కడి కట్టుబాటు. అడక్కపోయినా ఊరంతా తెలిసిన కథలుంటాయి, అది వేరే సంగతి.

బస్సు డ్రైవరు కథ అలాంటిదే. నాలుగేళ్ళ కిందట బస్సు ఏట్లో పడితే పదకొండు మందిని ఒడ్డుకు లాగాడు మహానుభావుడు. పన్నెండో చెయ్యి, ఓ చిన్నపిల్లది, జారిపోయింది. అప్పట్నుంచీ నీళ్ళ చప్పుడు వింటే వణుకు, కళ్ళు మూస్తే ఏరు. స్నానమన్నా భయమే, భార్య తడిగుడ్డతో ఒళ్ళు తుడవాల్సిందే.

మిషన్ పెట్టిన మొదటిరోజే అతని జుట్టులోంచి ఏటినీళ్ళు కారాయి. గది ఊడ్చే ఆయమ్మ బకెట్ పెట్టింది. డాక్టరమ్మ కొలిచి రాసుకుంది, ఆరు లీటర్లని. వారం తిరిగేసరికి నాలుగు, ఆ తర్వాత రెండు. బురద కూడా నేనే కడగాలా అని ఆయమ్మ సణిగేది. డ్రైవరుకి మాత్రం కంటిమీద కునుకు పట్టింది.

ఇక ఒక్కరోజు మిగిలిందనగా కుర్చీ ఎక్కనని మొండికేశాడు. భార్య బతిమాలింది, డాక్టరమ్మ నచ్చజెప్పింది. చివరికి తలకాయలక్క కట్టుబాటు గట్టున పెట్టి, ఎందుకన్నా అని అడిగేసింది.

"నీళ్ళన్నీ పోతే ఆ పిల్ల కూడా పోతుందమ్మా. దానికి వెనకా ముందూ ఎవరూ లేరు. ఆ మొహం గుర్తున్నవాణ్ణి నేనొక్కణ్ణే."

తలకాయలక్క ఇవాళ్టి నీళ్ళు ఎవర్నీ పారబోయనివ్వనని మాటిచ్చి, బకెట్ తీసేసి వెడల్పాటి బేసిన్ పెట్టింది.

ఆ రోజు వచ్చినవి చెంబెడు నీళ్ళే, తేటగా. చుక్కచుక్కా పడి నిలబడ్డాక అందులో పిల్ల మొహం తేలింది. గదిలో ఒక్కొక్కరినీ తేరిపార చూసి, నవ్వింది. తలకాయలక్క ఎన్ని తలలు చూసినా, ఏ తలలోనూ ఇంత ఉంటుందని ఎరగదు. చూస్తుండగానే బేసిన్ పొడిగా ఆరిపోయింది.

అందరికన్నా ముందు తేరుకున్నది ఆయమ్మే.

"పై పన్ను ఊడింది కదయ్యా పిల్లకి," అంది.

"నవ్వితే ఎడమబుగ్గన సొట్ట కూడా," అంది భార్య.

డ్రైవరు ఆ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "అవునే, సొట్ట కూడా," అని బావురుమన్నాడు.