పరాయి సోఫా

పన్నెండింటికి ఈల పడుతుంది. అప్పటికి ఓల్డర్‌షా తిరనాళ్ల మైదానంలో ఎవరి మూలలో వాళ్ల ఆట కట్టడం మొదలై ఉండాలి. లేదంటే ఆ మూల పోయినట్టే. వచ్చే ఏడు వచ్చి మా తాతదీ, ముత్తాతదీ అంటే వినేవాడుండడు. చర్చి పక్క మూల నెల్సన్ హార్కర్ తాత నాటినుంచి వాళ్లది. దానిమీద పక్క మూల అబ్నర్ పైక్‌కి ఎప్పటినుంచో కన్ను.

అందుకే రోడ్డు వార పచ్చకోటు రవాణా ఆఫీసరమ్మ చెయ్యెత్తేసరికి నెల్సన్ గుండెలో రాయి పడింది. లారీ నిండా రంకులరాట్నం, వెనక కాపురపు బండి. అదంతా సరే. గుర్రాల మధ్య పట్టాకింద కీత్ స్నేహితుడి సోఫా ఉంది.

కీత్ నెల్సన్ అల్లుడు. ఊళ్లో పుట్టి, పెళ్లితో తిరనాళ్లవాళ్లలో కలిసినవాడు. "ఓల్డర్‌షాకే కదా మావయ్యా, దారిలోనే దించేస్తాం" అన్నాడు పొద్దున. మొయ్యమన్నవాణ్ణి కాదనకూడదని నెల్సన్ తండ్రి మాట. నెల్సన్ తాడు బిగించాడు.

ఆఫీసరమ్మ లారీ చుట్టూ తిరిగొచ్చింది.

"బండి నడిపిన గంటలు నమోదు చేసే డబ్బా లేదేం?"

"తిరనాళ్లవాళ్లం. మాకు అక్కర్లేదు."

"సరుకు లైసెన్సూ లేదు."

"అదీ అక్కర్లేదు."

"తెలుసు. సొంత ఆట సామాను తప్ప ఇంకేమీ మొయ్యనంతవరకే అక్కర్లేదు. పట్టా ఎత్తండి."

కీత్ ఎత్తాడు. చెక్కగుర్రాల కాళ్లమధ్య ఎర్రసోఫా, సంబంధం చూడ్డానికొచ్చిన చుట్టంలా బిగుసుకుని కూర్చుంది.

"ఇదెవరిది?"

"మాదేనండీ" అన్నాడు కీత్ గబుక్కున. "కాపురపు బండిలోది."

ఆఫీసరమ్మ వాడికేసి చూడలేదు. నెల్సన్‌కేసి చూసింది. ఔనంటే చాలు, పది నిమిషాల్లో రోడ్డెక్కొచ్చు. కానీ ఆ మినహాయింపు ఎవరో దయతలిచి పడేసింది కాదు. తిరనాళ్ల పెద్దలు పట్నం వెళ్లి, మేం సరుకులు మోసేవాళ్లం కాదు, ఆటలాడించేవాళ్లం అని మాటిచ్చి తెచ్చుకున్నది. ఒకడి నోట అబద్ధం దొరికితే రేపు రోడ్డుమీద అందరి పట్టాలూ ఎత్తిస్తారు.

"మాది కాదు" అన్నాడు నెల్సన్. "ఊళ్లో కుర్రాడిది. ఊరికే తెస్తున్నాం."

"ఊరికే అయినా పరాయి సామానే."

"ఔను."

ఆమె కాగితం తీసింది. కేసు తర్వాత తేలుతుంది. సోఫా దిగేదాకా మాత్రం లారీ కదలడానికి వీల్లేదు. గట్టుమీద వదిలేస్తామంటే, చెత్త పారేసినట్టు ఇంకో కేసన్నది. సోఫా యజమాని వ్యాను తెచ్చుకుని రావాలి. కీత్ ఫోన్‌లో వాడి కాళ్లావేళ్లా పడుతున్నాడు.

అప్పుడే అబ్నర్ పైక్ లారీ మలుపు తిరిగి వచ్చింది. వీళ్లని చూసి వేగం తగ్గించాడు. అద్దం దించి, "ఏరా నెల్సనూ, సోఫా పరుచుకుని పిక్నిక్కా?" అని నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. పచ్చకోటు అప్పుడు కనబడింది. అతని పట్టా అంచున పరాయి మంచం కోళ్లు రెండు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటిని నెల్సన్ చూశాడు. చూశాడని అబ్నరూ చూశాడు.

"మీవాళ్లు ఇంకెవరైనా ఇలా మోస్తున్నారా?" అడిగింది ఆఫీసరమ్మ, కాగితంమీంచి తల ఎత్తకుండానే.

ఒక్క మాట. ఆ మాటంటే అబ్నర్ కూడా ఇక్కడే ఆగిపోతాడు. ఈల పడేసరికి మూల మీదికొచ్చేవాడుండడు. నెల్సన్ నాలుక చివరిదాకా వచ్చింది.

"నా లారీ సంగతి అడగండమ్మా" అన్నాడు.

అబ్నర్ లారీ మెల్లగా దాటిపోయింది.

వెనక చిన్న కారులో వస్తున్న భార్య డోర్కస్ దిగొచ్చింది. "ఏవయ్యా, మాటాడకుండా నిలబడితే గడియారం ఆగుతుందా?"

నెల్సన్ లారీలోంచి ఓక్ దిమ్మ ఒకటి దింపాడు. రాట్నం మధ్యలో నిలిచే బండి కింద మొట్టమొదట పడే దిమ్మ అది, తాత చేతులకి అరిగినది. దిమ్మ పడితే ఆట మొదలైనట్టేనని పాతవాళ్ల లెక్క.

"ఈల వేసే ఆ కొత్త సంతపెద్ద ఒప్పుకుంటాడా?" అంది డోర్కస్.

"పక్క మూలవాడు చూశానంటే ఒప్పుకుంటాడు."

"పక్క మూలవాడు అబ్నరు!"

"ఔను."

"నీ నోట్లో ముత్యాలున్నాయా? రాల్తాయని మూసుకుంటావా?" అంటూనే ఆవిడ దిమ్మ కారులో వేసుకుని వెళ్లిపోయింది.

వ్యాను వచ్చేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. సోఫా దింపి, కేసు కాగితం జేబులో పెట్టుకుని నెల్సన్ లారీ తీశాడు. దారిలో కీత్ ఒకసారి, "నా వల్లే మావయ్యా" అన్నాడు. "తాడు కట్టింది నేను" అన్నాడు నెల్సన్. ఊరి చర్చి శిఖరం కనబడింది. మైదానం గేటు దగ్గరికి రాగానే లోపల ఈల వినబడింది. పొడుగ్గా, చెవులు కోసేలా.

చర్చి మూల ఖాళీగా ఉంది. నట్టనడుమ దిమ్మ, దానిమీద డోర్కస్, చేతులు కట్టుకుని. రెండు మూలల మధ్య సుద్దగీత అవతల అబ్నర్ లారీ మూతి ఇటే తిరిగి ఉంది, ఇంజను ఆపలేదు. నడుమ కొత్త సంతపెద్ద నిలబడ్డాడు, ఇంకా కుర్రవాడే.

"కట్టెముక్క మీద కూర్చుంటే ఆట కట్టినట్టా?" అంటున్నాడతను. "పైక్ గారూ, ఈల ముందే పెట్టిందా ఇది? మీరు చూశారా?"

నెల్సన్ లారీ దిగి అక్కడే నిలబడిపోయాడు. 

అబ్నర్ తొందరపడలేదు. దిమ్మని చూశాడు. సుద్దగీత చూశాడు. నెల్సన్‌ని చూశాడు. అతని లారీమీద ఇప్పుడు మంచం లేదు.

"చూశాను. ఈల ముందే పెట్టింది" అన్నాడు చివరికి. "కాకపోతే వంకరగా పెట్టింది. హార్కర్లకి ఏదీ తిన్నగా రాదు."

"వంకర నీ మొహం!" అంది డోర్కస్, లేవకుండానే.

అబ్నర్ లారీ ఎక్కి వెనక్కి తీసుకున్నాడు.

దిమ్మకి వంకరేం లేదు. అయినా నెల్సన్ మోకాళ్లమీద వంగి ఒకసారి సర్దాడు.  తర్వాత లేచి, లారీని వెనక్కి తెమ్మని కీత్‌కి చెయ్యూపాడు.