బ్యానర్ మీద భర్త

ఫ్లెక్సీ విప్పగానే, ప్రోగ్రాం ఏర్పాట్లు చూస్తున్న గాయత్రికి ఒళ్లు మండింది.

పైన ముఖ్య అతిథి ముఖం, బండి చక్రమంత. దాని కింద ఒక పక్క తెలుగులో, ఇంకో పక్క ఇంగ్లీషులో ‘పియానో: హెడ్విగ్ లాంగె’. ఇంకా కింద అంతకు రెండింతల అక్షరాల్లో ‘స్వరకర్త: ఈమె భర్త ఎగోన్ రైమర్’.

సాలూరులోని ఫ్లెక్సీ షాపు దేవీప్రసాద్‌కి ఫోన్ కొట్టింది.

“ఆ రెండో పేరు ఎవడు వెయ్యమన్నాడయ్యా నిన్ను?”

“నెట్‌లో కొడితే ఆయమ్మ వాయించే పాటలన్నీ ఆయనవే అని వచ్చిందమ్మా. మొగుడి పేరు మర్సిపోనారని నేనే ఏసినాను. ఎక్స్‌ట్రా ఏటీ తీసుకోనేదు!”

“ఆవిడ కోర్టుకెక్కిందే ఆ మొగుడి మీదయ్యా బాబూ!”

“అలాగేటి? మరి ముందే సెప్పాలి కదమ్మా!”

ముప్పై ఏళ్లుగా హెడ్విగ్ రాసిన సంగీతమంతా ఎగోన్ తన పేరుతో అచ్చు వేయించుకున్నాడు. అరవై ఎనిమిదో ఏట ఆమె కేసు వేసి, అరకు వచ్చి, కాఫీ సహకార సంఘం షెడ్డులో పది నెలలు కూర్చుని కొత్త పియానో రచన పూర్తి చేసింది. అదీ తనదేనని ఎగోన్ అప్పుడే నోటీసు పంపాడు. తొలి ప్రదర్శనను ఒక్క కట్ కూడా లేకుండా వీడియో తీయాలని, అందులో ఆమె పేరే కనబడాలని లాయర్ మరీ మరీ చెప్పింది. ఈ బ్యానర్ అందులో పడితే కేసు గోవిందా.

టైము మూడున్నర. ప్రోగ్రాం నాలుగింటికి. సాలూరు నుంచి ఇంకో బ్యానర్ వచ్చేసరికి చీకటి పడుతుంది.

“దించేయండి,” అంది గాయత్రి.

ముఖ్య అతిథి మనిషి ఉదయ్ అడ్డం పడ్డాడు. “సార్ ఫొటో ఉంది మేడమ్. బ్యానర్ దిగితే సార్ కూడా కారు దిగరు.”

“పోనీ సార్‌నే పియానో వాయించమనండి!”

కాఫీ పళ్లు కోసే చిన్నమ్మలు పక్కనే నిలబడి అంతా వింటోంది. “దీనికింత గోలేటమ్మా?” అంటూ తట్టెడు ఎర్రమట్టి తడిపి తెచ్చి, గోడ అలికినట్టు ఆ లైను మొత్తం అలికేసింది.

నాలుగింటికి హెడ్విగ్ షెడ్డులో, ఆ బ్యానర్ కింద, పియానో ముందు కూర్చుంది. ఎడమ చెయ్యి థింసా నాట్యం అడుగులు వేస్తుంటే, కుడి చెయ్యి ఆ వరసలో కలవకుండా మొండిగా వేరే దారి పట్టింది. గాయత్రి అప్పుడే ఊపిరి పీల్చుకుంది.

అంతలో చినుకులు. గాలికి జల్లు షెడ్డులోకి కొట్టింది. మట్టి జారడం మొదలైంది. ముందు ‘ఎ’ బయటపడింది. వెంటనే ‘గో’.

ఛీ, వెధవ వాన!

గాయత్రి వేదిక వెనకగా పరుగెత్తి, కాఫీ బస్తా ఎక్కి, రెండు చేతులూ చాచి ఆ పేరుకు వీపు ఆనించింది. తల హెడ్విగ్ రెండు పేర్ల మధ్యగా వెళ్లి ముఖ్య అతిథి గడ్డానికి అడ్డం వచ్చింది. దిగమని ఉదయ్ చేతులు ఊపాడు. ఆమె కళ్లెర్రజేసింది. మెడ వెనక నుంచి బురద జాకెట్‌లోకి కారుతోంది. ఇరవై రెండు నిమిషాల సంగీతం. ఈవిడ కాస్త చిన్నది రాసి ఉండకూడదూ!

చివరి స్వరం ఆగింది. చప్పట్లు మోగాయి. హెడ్విగ్ వెనక్కి తిరిగి చూసి నోరు తెరిచింది.

“ముందా కెమెరా ఆపించండి, అప్పుడు దిగుతాను!” అని అరిచింది గాయత్రి.

కెమెరా ప్రసన్న వీడియో వెనక్కి తిప్పి చూశాడు. “ఆవిడ పేరొక్కటే పడింది మేడమ్. దాని కింద మీరు పడ్డారు.”

“ఏడ్చినట్టుంది! రేపు జడ్జి ఈ బురద మనిషెవరని అడిగితే?”

హెడ్విగ్ పది నెలల్లో నేర్చుకున్న తెలుగును కూడగట్టుకుంది.

“నా భర్త కాదు అని చెప్తాను.”

అందరూ పడీ పడీ నవ్వారు. గాయత్రి మాత్రం నవ్వలేదు. చీర కుచ్చెళ్లు పిండుకుంటూ కుళాయి వైపు నడిచింది.