'ప' పుటలో పూచికపుల్ల

నిఘంటువు ఆఫీసులో ప్రూఫులు దిద్దే అమ్మాయికి ఆ మధ్యాహ్నం ఒళ్ళు మండింది. బల్ల మీద 'ప' అక్షరం పుట ఉంది. అందులో ఇలా ఉంది: 'పూచికపుల్ల: దేనికీ కొరగాని వస్తువు. ఎక్కడపడితే అక్కడ ఊరికే దొరుకుతుంది గనుక ఈ వాడుక పుట్టింది.'

ఊరికే దొరకడమట! ఆమె తల్లి ముప్పై ఏళ్ళుగా చీపుర్లు కడుతోంది. గడ్డి కోసి, ఎండబెట్టి, నేలకేసి కొట్టి నూగు రాల్చి, పొడుగూ పొట్టీ ఏరేసరికి వేళ్ళు చిట్లిపోయేవి. ఆ పుల్లలే ఈ పిల్లను చదివించాయి. పైగా పుస్తకంలో మన పుల్ల గురించి ఏం రాశారో చదివి వినిపించమని ఏడాదిగా తల్లి ప్రాణం తీస్తోంది. ఈ ముక్క ఏ నోటితో చదవాలి?

సంపాదకుడు మంచివాడే గానీ మొండిఘటం. ఆమె పుట చూపిస్తే, జనం అనేదే మనం రాస్తాం, మనకు నచ్చింది కాదు అన్నాడు. అర్థం జనానిదే, కాదనను అందామె. మరి ఆ వాడుక అలా పుట్టిందని ఎవరు చెప్పారు? ప్రతి వాడుక కిందా 'చెప్పినవారు' అని ఉండాలన్న నియమం ఆయన పెట్టిందే. దర్జీ, వడ్రంగి, పడవ నడిపేవాడు అంటూ అందరూ ఉన్నారు. ఇక్కడ మాత్రం ఖాళీ.

ఇంత చిన్న మాటకు సాక్షి కూడానా అని ఆయన విసుక్కున్నాడు. ఆమె సంతకం లేనిదే ప్రెస్సువాళ్ళు ఆ పుటను ముట్టరు. సంతకం పెట్టు, లేకపోతే రేపట్నించి రావద్దు అని తేల్చేశాడు.

"సంతకం పెట్టను సార్. సాక్షిని తెస్తాను" అని ఆమె పుట పట్టుకుని బయటికి నడిచింది.

రెండు వీధుల అవతల చీపుర్ల షెడ్డులో తల్లి అంతా వింది. చేతిలో ఉన్న చీపురు కట్టడం పూర్తయ్యాకే లేచింది. దాన్ని చంకలో పెట్టుకునే ఆఫీసుకొచ్చింది. సంపాదకుడు కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేమూ అంటాం సార్ ఆ మాట. కట్టు వదులైతే పుల్ల ఊడి పడుతుంది. ఇంటావిడ దాన్ని తీసి పారేస్తుంది. పుల్లకేం, నిక్షేపంలా ఉంటుంది. తప్పు కట్టినవాళ్ళది. మా షెడ్డులో ఆ మాట వింటే తలొంచుకోవాల్సింది కట్టిన మనిషి." ఆమె కూతురి వైపు చూసింది. "దీన్ని రావద్దన్నారట. ఇది ఊడిపడలేదు సార్. కట్టు వదిలేసింది మీరు."

సంపాదకుడు కలం తీసి, ఊరికే దొరుకుతుందన్న వాక్యం కొట్టేసి, ఆమె చెప్పింది రాశాడు. కింద 'చెప్పినవారు: ఒక శ్రామికురాలు' అని చేర్చాడు. కూతురు పైకి చదివింది. తల్లి అడ్డంగా తలూపింది.

"బట్టలు కుట్టేవాణ్ణి దర్జీ అని రాశారుగా. నన్ను చీపుర్లు కట్టే ఆమె అని రాయండి."

ఆయన దిద్దాడు. 'దేనికీ కొరగాని వస్తువు' అన్నది కూడా తీసెయ్యమంటారా అని తనే అడిగాడు.

"ఉండనివ్వండి సార్. అనేవాళ్ళ బుద్ధి కూడా పుస్తకంలో ఉండాలిగా."

కూతురు అప్పుడు సంతకం పెట్టింది. రేపు 'ఫ' పుటలు వస్తాయి, పెందలాడే రమ్మని సంపాదకుడు తలెత్తకుండానే గొణిగాడు.