పోపు లేని ఇల్లు

నేను ఒక పోపులపెట్టెను. గుండ్రటి స్టీలు ఒళ్ళు, కడుపులో ఏడు గిన్నెలు, మధ్య గిన్నెలో ఇంగువ. ఎక్కడ పుట్టానో నాకు తెలియదు. నాకు గుర్తున్నది మండపేటలో స్టీలు సామాన్ల కొట్టు, నా మూత మీద టకటకమని చుక్కలు కొట్టి 'వీరేశం' అని పేరు చెక్కిన మనిషి. మనుషులకు ఇదొక చాదస్తం. గిన్నెలకు కాళ్ళొచ్చి పారిపోతాయన్నట్టు అన్నింటి మీదా పేర్లు కొట్టిస్తారు.

వీరేశం గారు పెళ్ళివంటల మేస్త్రి. చేతులు వణకడం మొదలయ్యాక నన్ను శిష్యుడు పేర్రాజుకు ఇచ్చేసి, "పోపు మాడితే పెళ్ళి మాడినట్టేరా" అన్నారు. పేర్రాజుతో నేను తిరగని పెళ్ళిపందిరి లేదు. పని లేని రోజుల్లో అతనింట్లో పొయ్యి పక్కన ఉండేదాన్ని. ఇంట్లోనూ వంట అతనిదే. భార్య సీతారత్నం పీట వేసుకుని కూర్చుని వంకలు పెట్టేది. వాళ్ళకు పిల్లలు లేరు. ఒకరికొకరు పిల్లలు.

సీతారత్నానికి రొమ్ములో గడ్డ తేలింది. మూడు వారాలకొకటి చొప్పున ఆరు ఇంజక్షన్లు ఇస్తామని, బరువు తగ్గితే మాత్రం మందు ఆపాల్సి వస్తుందని కాకినాడ డాక్టరు చెప్పాడట. పేర్రాజు ధీమాగా నవ్వాడు. తిండి పెట్టడమేగా తన పని!

మొదటి ఇంజక్షన్ రోజున తెల్లవారకముందే లేచి పులిహోర కలిపాడు. మనవాళ్ళు గడప దాటితే పులిహోర కట్టాల్సిందే, తిరుపతికైనా ఆసుపత్రికైనా. పైగా అది ఆవిడకు ప్రాణం. ఇంగువ కాస్త ఎక్కువే పడింది. ఇచ్చింది నేనే. వాంతి రాకముందే వేసుకోమని ఇచ్చిన మాత్రను సీతారత్నం, "వచ్చినప్పుడు చూద్దాంలెండి, ఊరికే ఎందుకూ" అని కొంగున ముడేసుకుందట.

ఆ సాయంత్రం మొదలైన వాంతులు మూడు రోజులు ఆగలేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు నర్సమ్మ కోప్పడిందని పేర్రాజు పక్కింటివాళ్ళకు చెబుతుంటే విన్నాను. ఇంజక్షన్ రోజున ఇష్టమైనవి పెట్టకూడదట. మందుకు కడుపులో తిప్పడం ఆ రుచికే అంటుకుపోతుందట. "ముందే అడగాల్సిందండీ. నా చేతుల్తో నేనే పోగొట్టాను" అన్నాడు. అప్పటికే ఆవిడకు పులిహోర పోయింది, ఇంగువ పోయింది. ఆవాలు చిటపటమంటే చాలు, గదిలో బేసిన్ అందుకునేది. నన్ను రెండు గుడ్డల్లో మూటకట్టి పెరటి కొట్టుగదిలో పెట్టాడు. నాకు కోపం రాలేదు. నా ఒంటి నిండా ఆ వాసనే కదా.

వాసన అతని ఒంట్లోనూ ఉంది. పెళ్ళివంటలు మానేశాడు. రోజుకు రెండుసార్లు సున్నిపిండితో రుద్దుకునేవాడు. ముప్పయ్యేళ్ళ పోపు సున్నిపిండికి పోతుందా? ఒకరోజు ఆవిడ గొంతు వినపడింది. "ఏవండీ, ఏమనుకోకండి. కొంచెం అవతల కూచుంటారా? మీ మీద కాదండీ, వాసన మీద."

అతను పెరట్లోకి వచ్చి ఆవిడ కిటికీ బయట స్టూలు వేసుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. నాకు కళ్ళుంటే నేనూ ఏడ్చేదాన్ని.

వెయ్యిమందికి అవలీలగా వండినవాడు అరకప్పు జావ దగ్గర మళ్ళీ శిష్యుడయ్యాడు. పెరట్లోనే కాచేవాడు. ఆవిరి పోయేదాకా తువ్వాలుతో విసిరి, పూర్తిగా చల్లార్చి, కిటికీ ఊచల మధ్య నుంచి చెంచాతో అందించేవాడు. రెండు గంటలకోసారి నాలుగే చెంచాలు. మాత్రకు అరగంట ముందే ఫోన్లో గంట మోగేది. మధ్యలో ఒక ఉసిరి ఒరుగు బుగ్గన పెట్టుకోమనేవాడు. "ఈసారి ఏం వంక పెడతావో పెట్టు" అని బతిమాలేవాడు. "చప్పగా ఉంది, బాగుంది" అనేది ఆవిడ. అంతకన్నా పెద్ద మెప్పు అతనికి ఏ పెళ్ళిలోనూ దొరకలేదు.

మూడో ఇంజక్షన్‌కు తిన్నది కడుపులో నిలిచింది. అరకిలో బరువు పెరిగింది. ఆ సంగతి వీధి వీధంతా చెప్పాడు, మగపిల్లాడు పుట్టినట్టు.

నాలుగోదాని తర్వాత జ్వరం వచ్చింది. దానికి ఎదురుతిరిగే శక్తి రక్తంలో లేదన్నారట. నాలుగు రోజులకు ఆవిడను వ్యానులో తెచ్చి వసారాలో పడుకోబెట్టారు. అతను ఆవిడ పక్కనే కూర్చున్నాడు. అవతల కూర్చోమనే మనిషి లేదు.

పదోరోజున, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టడం ఆచారం. పేర్రాజు చెల్లెలు మంగతాయారు కొట్టుగదిలోంచి నన్ను తెచ్చి మూట విప్పింది. "అన్నయ్యా, వదినకి పులిహోరంటే ప్రాణం గదా. నేను కలిపేత్తాను."

పేర్రాజు వచ్చి నా మూత మీద అరచెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి ఎంత చిక్కిపోయిందో అప్పుడు తెలిసింది నాకు. "వద్దమ్మా. తిప్పుద్ది దానికి."

తనే పెరట్లో కాసిన్ని బియ్యం మెత్తగా వండి, పెరుగు కలిపి, ఆకులో పెట్టాడు. గోడ మీద కాకులు కాచుకుని ఉన్నాయి. "కానివ్వండి, వేళ మించిపోతోంది" అన్నాడు పురోహితుడు.

పేర్రాజు అన్నం మీద వేలు ఆనించి చూశాడు. "ఇంకా వేడిగా ఉందండి. వేడిది ఇముడ్చుకోలేదు" అన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి విసరడం మొదలుపెట్టాడు.

అన్నం చల్లారేదాకా అందరూ నిలబడే ఉన్నారు. నేను అరుగు మీద మూత బిగించుకుని కూర్చున్నాను, ఆ ఆకు వైపు నా వాసన పోకుండా.