స్వర్ణ చదివిన వాక్యం

పెద్దారవీడు పక్కన ఒక ఊళ్లో మేరీ మిరప కోతలకు పోయే కూలి మనిషి. ఆదివారం వచ్చిందంటే మాత్రం తలెత్తుకుని నడిచేది. చర్చిలో నిలబడి బైబిలు వాక్యం చదివేది ఆమె కూతురు స్వర్ణలతే మరి. నాలుగో తరగతి పిల్ల పుస్తకం తెరిచి గడగడా చదివేస్తుంటే ముసలమ్మలు కళ్లు తుడుచుకునేవాళ్లు.

అలాంటి పిల్లకు చదవడం రాదని బడిలో ఉషారాణి టీచర్ చెప్పేసరికి మేరీకి ఒళ్లు మండిపోయింది.

"తెలివి లేక కాదు మేరీ. అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాండాయి పిల్లకు. ఒకసారి మార్కాపురంలో డాక్టరుకు చూపిద్దాం. ఈ క్లాసులోనే, అందరి మధ్యనే కూర్చోబెట్టుకోని నేను వేరేగా నేర్పిస్తా."

"నా బిడ్డకు పిచ్చిదని ముద్రేస్తారా టీచరమ్మా? ఆదివారం వచ్చి చూడండి, ఎట్ల చదువుతాదో!"

మేరీకి అక్షరమ్ముక్క రాదు. శనివారం సండేస్కూలు చెప్పే అక్క ఆ వాక్యం చదివి వినిపిస్తే, స్వర్ణ మర్నాడు దాన్నే చూడకుండా అప్పజెబుతోందని ఆమెకెలా తెలుస్తుంది? చెప్పే ధైర్యం పిల్లకూ లేదు పాపం. అమ్మ ముఖం అలా వెలిగిపోతుంటే చూడటం దానికి ఇష్టం.

క్రిస్మస్ నాడు చర్చి కిక్కిరిసింది. పాస్టరు అబ్రహాము అప్పటికప్పుడు మనసు మార్చుకుని వేరే పేజీ తీసి "ఇది చదువమ్మా" అన్నాడు. స్వర్ణ ముందురోజు విన్నదే మొదలుపెట్టింది. "అది కాదమ్మా, ఈడ" అని ఆయన వేలు పెట్టి చూపించాడు. పిల్ల ఆ వేలి కిందే చూస్తూ మళ్లీ అదే చెప్పింది. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు.

ఇంటికొచ్చి మేరీ బిడ్డను కొట్టింది. పరువు పోయిందన్న కోపం కొంత, టీచర్ చెప్పిందే నిజమేమోనన్న భయం అంతకు మించి.

సెలవులయ్యాక కూడా స్వర్ణ బడికి రాకపోతే టీచరే మిరప చేలోకి వచ్చింది. తల్లి పక్కనే ఒడి కట్టుకుని పిల్ల కాయలు కోస్తోంది.

"ఇప్పుడన్నా పంపించు మేరీ. ఆలస్యమైనా చదువొస్తాది."

"రాదని మీరే చెప్తిరి గదమ్మా. అప్పుడు నమ్మకపోతిని, ఇప్పుడు నమ్మినా. ఇంక బడెందుకు?"

టీచర్ ఎంత చెప్పినా మేరీ చెవికెక్కలేదు. టీచర్ వెళ్లిపోయాక, బిడ్డ ఏడుస్తోందేమోనని మేరీ తిరిగి చూసింది. స్వర్ణ ఏడవడం లేదు. చకచకా కాయలు కోస్తూ, చాలా రోజులకు నవ్వింది.

"అమ్మా, ఈడ నన్నెవరూ చదవమనరు గదా?"

"అనరులేమ్మా" అంది మేరీ. అన్నాక ఆమెకు చేతులాడలేదు.