గొంతు ఒక గోడన, గిటారు ఒక గోడన

ఆ వీధిలో వడ్రంగిని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. బ్రెజిల్ మేస్త్రి ఇల్లెక్కడ అంటే చాలు, ఎవరైనా తీసుకొచ్చి గుమ్మం ముందు నిలబెడతారు. ఆయన ఆ దేశం వెళ్ళిందీ లేదు, పటంలో ఠక్కున వేలు పెట్టి చూపించగలిగిందీ లేదు. వయసులో ఉండగా, మూసేస్తున్న ఓ పాటల కొట్లో బీరువాలు విప్పడానికి వెళ్ళాడు. ఎవరూ కొనక మిగిలిపోయిన బ్రెజిల్ పాటల రికార్డుల కట్టని కొట్టాయన ఆయన చేతిలో పెట్టి, పారేయడానికి మనసొప్పడం లేదు, పట్టుకుపొమ్మన్నాడు. ఇంటికొచ్చి పైనున్నది వేశాడు. అంతే, మనిషి వాటికి దాసుడైపోయాడు. పెళ్ళినాడు కూడా బావ మొహం అంత వెలగలేదని బామ్మర్ది ఇప్పటికీ అంటుంటాడు, అదీ అక్క వినేలా.

ఆ పాటల్లో తొందర ఉండదు. గిటారు ముందు నడుస్తుంది. గొంతు దాని వెనకాల, చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుకలో నడిచే మనిషిలా, అడుగు ఆలస్యంగా వస్తుంది. ఇక అందుకోలేదులే అనుకున్నచోట ఎలా వస్తుందో వచ్చి పక్కన చేరుతుంది. ఆ ఆలస్యమంటే మేస్త్రికి ప్రాణం. ఒక్క మాట అర్థం కాకపోయినా, ఆ గొంతు ఎవర్నో బతిమాలడం లేదనీ, ఎవర్నో తలుచుకుంటోందనీ ఆయనకి తెలుసు.

గిటారు ఒక పక్కనుంచీ గొంతు ఇంకో పక్కనుంచీ వచ్చేలా తీసిన పాతకాలపు రికార్డులవి. అందుకని మిగిలిన టేకు ముక్కలతో రెండు స్పీకరు పెట్టెలు ఆయనే చేసుకున్నాడు. ఒకటి కిటికీ పక్క గోడకి, ఇంకొకటి గదికి ఆ చివర వంటింటి గుమ్మం మీద. మధ్యలో తన కుర్చీ. పని దిగి, ఒళ్ళు కడుక్కుని అందులో కూర్చుని కళ్ళు మూసుకుంటే గోడలు మెల్లగా వెనక్కి జరిగేవి. ఎడమన గిటారు, కుడిన గొంతు, నడుమ నీళ్ళు. ఆ నీళ్ళ మీద ఆయన వెల్లకిలా తేలుతుండేవాడు. చెవి వెనక రంపపు పొట్టు ఇంకా అలాగే ఉండేది.

కోత మిషను దగ్గర ఆయన కుడి చెవే ఎప్పుడూ బ్లేడు వైపు. ఆ చెవి ఇన్నేళ్ళూ నోరెత్తకుండా పనిచేసి, ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేసింది. చెవుల డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, నరం దెబ్బతింది, ఇక తిరిగి రాదు, ఎడమ చెవి మాత్రం దివ్యంగా ఉంది, దాన్ని కాపాడుకోండి అంది. దివ్యంగా ఉన్నదానితో సగం పాటే వస్తుందని ఆవిడకి ఎలా చెప్పడం? తలూపి వచ్చేశాడు.

సాయంత్రం కుర్చీలో కూర్చుంటే గిటారు ఒక్కటే పలికింది. గొంతు ఎక్కడో పక్కింట్లో గొణుగుతున్నట్టుంది. కుర్చీ అటు తిప్పితే గొంతు వచ్చింది, గిటారు పోయింది. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కూరగాయలు తరుగుతున్న భార్య గుమ్మంలోంచి చూసి, తిరగలి తిప్పినట్టు ఆ తిప్పుడేంటని అడిగింది. ఆయన ఇంకోసారి తిప్పాడు.

బామ్మర్దికి కరెంటు పని వచ్చు. వచ్చి, విషయం విని, ఇంతేనా అన్నాడు. రెండు తీగలూ కలిపేసి, రెండు పెట్టెల్లోనూ రెండూ వచ్చేలా చేశాడు. మేస్త్రి ఒక పాటంతా విన్నాడు. గొంతూ ఉంది, గిటారూ ఉంది. ఇద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని, ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ కూర్చున్నట్టున్నారు. నీళ్ళు లేవు.

"తీసేయ్ రా," అన్నాడు.

"అన్నీ వస్తున్నాయి కదా బావా, ఇంకేం కావాలి నీకు?"

"మధ్యలో జాగా."

"జాగా కూడా నన్నే తెచ్చి పెట్టమంటే ఎలా? అక్కా, ఈయనకి చెవి కాదు, ఇంకేదో పోయింది, మళ్ళీ చూపించు," అని గొణుక్కుంటూ తీగలు విడదీసి వెళ్ళాడు.

ఆ తర్వాత మేస్త్రి రికార్డుల మీద దుప్పటి కప్పేశాడు. పని నుంచి వచ్చి కుర్చీలో ఊరికే కూర్చునేవాడు. తిండి తగ్గలేదు, మాట తగ్గింది. చనిపోయిన మనిషి కోసమైతే నలుగురూ వచ్చి పలకరిస్తారు, పోయిన పాట కోసం ఎవరొస్తారు?

అలాంటి ఓ సాయంత్రం, కునుకుకీ మెలకువకీ మధ్య, ఆయనకి గొంతు వినిపించింది. కల అనుకున్నాడు. కళ్ళు తెరిస్తే వెనకాల, ఎడమవైపున, భార్య నేల మీద కూర్చుని చిక్కుళ్ళ ఈనెలు తీస్తోంది. తీస్తూ కూనిరాగం తీస్తోంది. మాటలు లేవు, ఊఁ ఊఁ అంటూ ఒక్క రాగమే. కానీ అదే పాట. ఆయన వేలితో కుర్చీ చేతి మీద గిటారు దరువు వేసి చూశాడు. రాగం అడుగు వెనకాల వచ్చింది. ఎంత ఆలస్యం కావాలో అంతే ఆలస్యం.

"ఎవరు నేర్పారే నీకిది?"

"నేర్పేదేముంది? నెత్తి మీద పెట్టారుగా పెట్టె. ఇన్నేళ్ళూ ఆ పాటలాయన నా మీదే పాడాడు. మీరు ఆపేశాక ఏమీ తోచట్లేదు, చెయ్యి ఆడట్లేదు."

"మరి గిటారు కంటే అంత వెనకబడి ఎలా పాడుతున్నావ్?"

ఆమె చిక్కుడుకాయ పట్టుకుని ఆగింది. "గిటారెక్కడిది?"

మేస్త్రి వంటింటి వైపు తల తిప్పి చూశాడు. గుమ్మం మీది పెట్టె, పొయ్యి చప్పుడు, గదికి ఆ చివర కిటికీ. తను రెండిటి మధ్యా తేలుతున్నన్నాళ్ళూ ఈ మనిషికి చేరింది ఒక గొంతే. దాన్ని పక్కన మరో తోడు లేకుండానే నేర్చుకుంది.

లేచి దుప్పటి తీశాడు. తన కుర్చీ కిటికీ పక్క పెట్టెకి దగ్గరగా జరిపి, ఎడమ పక్కన ఆమెకో పీట వేశాడు. చిక్కుళ్ళ పళ్ళెంతో సహా వచ్చి కూర్చుంది. రికార్డు తిరిగింది. గిటారు మొదలవగానే ఆమె పెదవులు కాస్త విడివడ్డాయి.

"ఈ గిటారాయన ఇంత దగ్గర్లో ఉన్నాడా?" అంది.

"పాడు. పైకి పాడు."

ఆమె పాడింది. మొదట బెరుగ్గా, తర్వాత చిక్కుళ్ళ సంగతి మర్చిపోయి. గిటారు ముందు, ఆమె వెనక. నీళ్ళు మళ్ళీ గదిలోకి వచ్చాయి, ఈసారి మోకాళ్ళ దాకా, చల్లగా. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

పాట మధ్యలో ఆమె ఠక్కున ఆగిపోయింది.

"ఏం?"

"ఇక్కణ్ణించి ఆ మలుపు దాకా నాకు రాదండీ. రోజూ ఇక్కడే మిక్సీ వేసేదాన్ని."

గిటారు ఆగదు కదా, వెళ్ళిపోతోంది. ఆమె పుట్టింటికి వెళ్ళిన రోజుల్లో మేస్త్రి ఆ ముక్కని మిక్సీ అడ్డం లేకుండా ఎన్నోసార్లు విన్నాడు. కానీ పుట్టి బుద్ధెరిగి ఆయన పాడినవాడు కాదు. గొంతు సవరించుకుని, మేకు చెక్కలో దిగనంటున్నట్టున్న గొంతుతో అందుకున్నాడు. ఆమె నవ్వాపుకోలేక ఆయన భుజానికి నుదురు ఆనించింది. ఆ నవ్వు అదురు ఆయన ఎముకల్లోంచి పైకి పాకింది. ఆయన ఆపలేదు. మలుపు దగ్గరికి వచ్చేసరికి తల పైకెత్తి, అడుగు ఆలస్యంగా, ఆమె అందుకుంది.